మామయ్యగారి మడత చాకు

నన్ను పెళ్లిచూపులు చూడటానికి బందరు వచ్చిన రోజున మా మామయ్యగారు నా చదువు గురించి అడగలేదు, పాట పాడమనలేదు. పళ్లెంలో పెట్టిన జామకాయల్ని చూసి జేబులోంచి ఒక మడత చాకు తీశారు. అది బరువుగా, నెమ్మదిగా తెరుచుకుంది. బ్లేడు వీపుని మా బల్ల అంచుకి ఆనించి నొక్కారు. అమ్మా, నాన్నా, సంబంధం తెచ్చిన పాస్టరుగారూ, నేనూ అందరం ఊపిరి బిగబట్టి చూశాం. చాకు మూసుకోలేదు.

"చూశారాండీ, లాకంటే ఇదీ!" అన్నారాయన. ఆ తర్వాత జామకాయలు కోసి అందరికీ తలో ముక్కా పంచారు. సంబంధం కుదిరింది. ఆ పూట పెళ్లికొడుకు ఏం మాట్లాడాడో నాకిప్పుడు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. చాకు మాత్రం బాగా గుర్తుంది.

రైల్వే సమ్మె జరిగిన మరుసటి ఏడు పెళ్లయి, విజయవాడ సత్యనారాయణపురంలో అత్తగారింటికి వచ్చాను. రైలు పట్టాలు మా వీధి పక్కనుంచే పోయేవి. బండి వచ్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గణగణలాడేవి. అత్తయ్య మాట మధ్యలో ఆపి, బండి పోయాక మళ్లీ అక్కణ్ణుంచే అందుకునేవారు. మావారు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్ కట్టే పనిలో ఉండేవారు. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. నాకు దగ్గర్లోనే ఒక మిషన్ స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం.

మామయ్యగారు సిగ్నల్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్లకీ, కేబిన్లో లీవర్లకీ లాకులూ స్ప్రింగులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటమే ఆయన సర్వీసంతా చేసిన పని. ఇంటికెవరొచ్చినా ఆ సంగతులే.

"స్ప్రింగు అలిసిపోద్దండీ. అలిసినట్టు మనకి చెప్పదు. నెలనెలా మనమే పోయి అడగాల," అనేవారు.

ఆ చాకు ఆయన పై ఆఫీసరు, ఒక ఆంగ్లో ఇండియన్ దొర, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇచ్చిన సీమ చాకు. కొమ్ము పిడి. వీపు పొడుగునా ఉక్కు స్ప్రింగు. చాకు తెరిస్తే ఆ స్ప్రింగు కొస బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో కూర్చుంటుంది, వెనక నొక్కితేగానీ వదలదు. తిరనాళ్లలో అమ్మే చాకులంటే మామయ్యగారికి ఒళ్లు మంట. "ఊరంతా వినపడేట్టు టక్కుమంటయ్యండీ, మామిడి టెంక తగిలిందంటే వేలిమీదే మూసుకుంటయ్. మంచి లాకు అరవదు," అనేవారు. నిజమే, ఆయన చాకు అరిచేది కాదు. మూయాలంటే రెండు చేతులూ పెట్టి గుంజాల్సిందే. అది స్ప్రింగు బలమని ఆయన అనుకునేవారు, ఆయన చెప్పారు కదా అని మేమూ అనుకున్నాం.

ఇంతకీ నా బాధ వేరు. ఆయన నన్ను "టీచరుగారూ" అని పిలిచేవారు. కాఫీ తాగారా టీచరుగారూ, ఎండగా ఉంది గొడుగు తీసుకెళ్లండి టీచరుగారూ. పక్కింటి పిల్లని నోరారా "అమ్మాయ్" అని పిలిచే మనిషి నన్ను మాత్రం ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టరుని చూసినట్టు చూసేవారు. మర్యాదకేం లోటు లేదు. నాకు కావలసింది మర్యాద కాదు. నేను ఆ ఇంటి మనిషినని ఆయన నోట వినాలని ప్రాణం కొట్టుకుపోయేది. దానికోసం ఏమైనా చేద్దామని కాచుక్కూచున్నాను. అదే కొంప ముంచింది.

దానికితోడు నాకు శుభ్రం జబ్బు ఒకటుంది. తాళంచెవుల్ని కూడా చింతపండుతో తోమే రకం నేను. వచ్చిన వారంలోనే ఇంట్లో ఉన్న ఇత్తడంతా తళతళలాడించాను. ఆ చాకు కీలు దగ్గర పేరుకున్న నల్లటి మట్టిని చూసినప్పుడల్లా నా వేళ్లు దురద పెట్టేవి.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు గుడికొచ్చిన ప్రతివాళ్ల చేతిలో కొబ్బరాకు సిలువ ఉండాలి. ఆ సిలువలకి ఆకులు చీల్చేది ఏటా మా ఇంట్లోనే, మామయ్యగారి చాకుతోనే. గుడిలో హార్మోనియం వాయించేది అత్తయ్య, ఆ పెట్టె ఉండేదీ మా ఇంట్లోనే. అంటే ఆ ఆదివారం సగం మా ఇంటి మీదే నడిచేదన్నమాట.

శుక్రవారం నాడు మామయ్యగారు పాత స్నేహితుణ్ణి చూడటానికి తెనాలి వెళ్తూ చాకుని కిటికీలో అద్దం పక్కన మర్చిపోయారు. దేవుడి పనికి పోయే చాకు ఇలా మురికోడుతూ ఉండటమేంటని నాకు నేనే చెప్పుకున్నాను. గిన్నెలో కిరసనాయిలు పోసి అందులో ముంచాను. కాసేపు నానాక సూది పెట్టి కెలికితే నల్లటి జిగురు ఉండలు ఉండలుగా బయటికొచ్చింది. ఎంత తీసినా వస్తూనే ఉంది. ఆ మురికి చూస్తుంటే నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను. ఆఖరికి గుడ్డపెట్టి తుడిచి తెరిచి చూస్తే, ఒక్క వేలితో తోస్తే చాలు వెన్నలా జారింది. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఆయనే గమనించి అడగాలని చాకుని ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

శనివారం సాయంత్రం వరండాలో చాపలు పరిచాం. కొబ్బరి మట్టలు గుట్టగా పడేశారు. గుడినుంచి ముగ్గురు నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. మామయ్యగారు చాకు తెరిచారు.

"ఇదేంటి, ఇంత తేలిగ్గా..." అని ఆగారు.

నేను గర్వంగా నోరు తెరిచేలోగా పక్కనుంచి అత్తయ్య ఆ చాకుని లాక్కున్నంత పని చేశారు.

"ఇటివ్వండి. మీకు చూపు ఆనట్లా. పోయినేడు మీరు చీల్చిన సిలువలన్నీ వంకరే," అన్నారు.

అందరూ నవ్వారు. మామయ్యగారు మూతి ముడుచుకుని మట్టలు అందించే పనిలోకి దిగారు. అత్తయ్య రెండు మట్టలు చాలా నెమ్మదిగా చీల్చారు. మూడోదాని ఈనె గట్టిగా ఉన్నట్టుంది, చాకు అందులో ఇరుక్కుంటే ఒక్క గుంజు గుంజారు. బ్లేడు వెనక్కి మడతపడి ఆవిడ కుడిచేతి చూపుడువేలి మీద మూసుకుంది. లేత ఆకుల మీద రక్తం పడింది.

కట్టు కట్టడం అయ్యాక మామయ్యగారు చాకు తీసుకుని ఆడించి చూశారు. బ్లేడు అటూ ఇటూ ఊగింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే మామయ్యగారూ. మురికిగా ఉందని కిరసనాయిల్లో కడిగాను."

"కిరసనాయిలు స్ప్రింగు బలమంతా లాగేసింది," అన్నారు.

కిరసనాయిలు ఉక్కు బలాన్ని లాగలేదు. ఆ సంగతి సైన్సు టీచరుగా నాకూ తెలుసు, అన్నేళ్లు సిగ్నళ్లకి కిరసనాయిలు పూసిన ఆయనకీ తెలుసు. వాదించాలని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అత్తయ్య వేలి కట్టు తడుస్తూ ఉంటే ఏం వాదిస్తాం? ఆయన నా వైపు చూసి, "పోన్లెండి టీచరుగారూ. తెలియక చేశారు," అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. లోపలికెళ్లి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు గుడిలో అత్తయ్య కట్టుకట్టిన వేలు పైకెత్తి పెట్టుకుని, మిగతా వేళ్లతోనే హార్మోనియం వాయించారు. పాట అక్కడక్కడా తప్పిపోతోంది. సిలువలు పట్టుకుని వరసగా వస్తున్న పిల్లలు అడుగెప్పుడెయ్యాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. వాళ్లని చూసి గుడిలో అందరూ నవ్వుతున్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

సోమవారం బడి వదలగానే, మామయ్యగారిని అడిగి చాకు తీసుకుని వన్‌టౌన్ వెళ్లాను. అక్కడ తాళాలూ గొడుగులూ బాగుచేసే సాయిబుగారొకాయన ఉండేవారు. ఆయన చాకు పిడిలోని మేకులు కొట్టి, రెక్కలు విప్పి, స్ప్రింగు బయటికి తీశారు. వెలుతురులో పెట్టి చూసి నవ్వారు.

"ఇది మొన్న విరిగింది కాదమ్మా. ఈ పగులు చూడండి, లోపలంతా తుప్పు. ఎన్నేళ్ల తుప్పో!"

"మరి ఇన్నాళ్లూ ఎట్టా ఆగిందండీ?"

ఆయన కీలు మూలలో నా సూదికి అందని చిన్న ఉండని గోటితో గీరి, నలిపి, వాసన చూశారు. "పనస జిగురు. స్ప్రింగు కాదమ్మా, ఇదే ఆపింది. నెమ్మదిగా నొక్కితే జిగురు ఆపుద్ది. గుంజితే ఇదుండి కూడా ఆపదు. మీరు కడగకపోయినా ఎవరి వేలో ఒకరిది ఎప్పుడో పోయేదే."

నాకు ఏనుగెక్కినంత సంబరం. తప్పు నాది కాదు! తుప్పే సాక్ష్యం! సాయిబుగారు కొత్త స్ప్రింగు వేసి ఇచ్చారు. పాత ముక్కల్ని అడిగి మరీ కాగితంలో పొట్లం కట్టించుకున్నాను. బస్సులో దారి పొడుగునా మామయ్యగారికి ఏం చెప్పాలో పాఠంలా అప్పజెప్పుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి ఆయన కాలవగట్టు మీద నడకకి వెళ్లారు. అత్తయ్య ఒక్కరే ఉన్నారు. ఆపుకోలేక పొట్లం విప్పి ఆవిడకే చూపించాను. ఆవిడ ముక్కల్ని చూసి, నన్ను చూసి, అలాగే చాప మీద కూర్చుండిపోయారు.

"అది విరగ్గొట్టింది నేనేనే," అన్నారు.

ఏడేళ్ల కింద క్రిస్మస్ ముందు హార్మోనియంలో ఒక రీడు బిగుసుకుపోతే, ఆయన డ్యూటీలో ఉండగా ఈ చాకు తీసి దాన్ని పైకి లేపబోయారట. లోపల టిక్కుమందట. చెప్పడానికి నోరు రాలేదు. వేసవికల్లా బ్లేడు వదులై ఊగడం మొదలెట్టింది. అప్పుడు ఇంట్లో పనసకాయ కోస్తుంటే, చేతికంటిన జిగురు వదలక కిందా మీదా పడుతున్నప్పుడు ఉపాయం తట్టింది. ఈనెపుల్లతో జిగురు తీసి కీల్లోకి కూరారు. అప్పట్నుంచీ ఏటా అదే పని. పనస రాని నెలల్లో సపోటా పాలు. ఆయన రిటైరయ్యాక మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని పెట్టేవారు.

"ఎందుకత్తయ్యా అంత అవస్థ? చెప్పేస్తే పోయేది కదా!"

బయట బండి వచ్చింది. ఆవిడ ఆగి, అది పోయేదాకా చూసి చెప్పారు.

"కేబిన్లన్నీ వేరేవాళ్ల చేతికి పోయినయ్. ఆయన చూసుకోడానికి మిగిలిన లాకు ఇదొక్కటే. ఇదీ పోయిందని నేనెట్టా చెప్పేది? శనివారం దాని మెరుపు చూడగానే కడిగేశావని తెలిసిపోయింది. 'ఆగండి, లాకు విరిగింది' అంటే, 'నీకెట్టా తెలుసు' అంటారు. అందుకే లాక్కున్నా. రెండు మూడు మట్టలు చీల్చి, వేలు నొప్పని పక్కన పెట్టేద్దామనుకున్నా."

ఆవిడ నవ్వబోయారు, కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. నా మాట నెగ్గించుకోవడానికి బస్సులో అంత పాఠం తయారుచేసుకున్నాను. ఆవిడేమో ఆయనకి తగలాల్సిన దెబ్బని తన వేలి మీదకి తీసుకున్నారు. పొట్లం మళ్లీ కట్టి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ హార్మోనియం పలక ఎత్తి, ఆ రీడు పక్కనే దాన్ని దాచేశారు.

మామయ్యగారు నడకనుంచి వచ్చి కొత్త స్ప్రింగు వేసిన చాకు తెరిచారు. టక్! ఉలిక్కిపడ్డారు. ఒంటిచేత్తో మూసి చూశారు, సులువుగా మూసుకుంది. "బాగానే వేశాడు గానీ, ఆ బిగువేదీ?" అని గొణుక్కున్నారు. అత్తయ్యా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

మామిడిపళ్ల కాలంలో ఆయన పాత కేబిన్ స్నేహితుడొకాయన వచ్చారు. యథాప్రకారం చాకు బయటికొచ్చింది, బల్ల అంచున నొక్కడమూ అయింది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. మామయ్యగారు పెద్ద నిట్టూర్పు విడిచారు.

"ఇప్పటికీ ఆగుద్దిలే గానీ, అప్పటి బిగువు లేదు. మా అమ్మాయి దీన్ని కిరసనాయిల్లో ముంచింది."

టీచరుగారు కాదు, మా అమ్మాయి! లోపలి గదిలో హార్మోనియం తుడుస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"అవునండీ, నేనే ముంచాను," అని ఆ వచ్చినాయనకి కాఫీ అందించాను.