చిన్న కెమెరా చూపించింది
పాప స్నానానికి పెట్టిన నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసి, అది చాలదని థర్మామీటరు కూడా ముంచే మనిషి జ్ఞానశేఖర్. స్టీల్ ప్లాంట్ ల్యాబులో కెమిస్టు. కెమెరా కొనడంలోనూ అదే వరస. ఆదివారం ఆరాధన అవగానే ఏడాది కూతురు బ్లెస్సీని చంకనేసుకుని గాజువాకలో అప్పలరాజు కెమెరా షాపుకొస్తాడు. పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరా బరువు అరచేతిలో తూచి చూస్తాడు, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా మీట నొక్కి చూస్తాడు, కళ్ళద్దాలు తుడుచుకుని రెండూ తిరిగిచ్చేస్తాడు. "ఏటి సారూ, పాప పెళ్ళికైనా కొంతారా?" అన్నాడు అప్పలరాజు ఈసారి. "రెంటితోనూ పాపని తియ్యి, ఇవాళ తేల్చేస్తాను," అన్నాడు జ్ఞానశేఖర్ నవ్వుతూ.

పాపని కౌంటరు మీద కూర్చోబెట్టారు. పెద్ద కెమెరా ఫ్లాష్ లేకుండానే తీసింది. కళ్ళు నల్లగా, ముచ్చటగా వచ్చాయి. చిన్నదాని ఫ్లాష్‌కి కుడికన్ను ఎర్రగా, ఎడమకన్ను పాలచుక్కలా తెల్లగా మెరిసింది. "సిన్నదాంతో ఇదే గొడవ సార్, కళ్ళు ఎర్రగా వొచ్చెత్తాయి," అన్నాడు అప్పలరాజు. ఎరుపంటే జ్ఞానశేఖర్‌కి భయం లేదు. అది కంటి లోపలి నెత్తురు రంగు, రెండు కళ్ళలోనూ రావాలి. ఒకదాంట్లో రాలేదంటే లోపల ఏదో అడ్డుంది. "మళ్ళీ తియ్యి," అన్నాడు. మళ్ళీ తెలుపే. "ఇంకోటి, అప్పలరాజూ." మళ్ళీ తెలుపే. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా పాప కిలకిల నవ్వుతోంది. "పెద్దదే తీస్కోండి సార్, దీన్లో ఏ తేడా నేదు!" జ్ఞానశేఖర్ అరచేత్తో పాప కుడికన్ను మూశాడు. పాప నవ్వు ఆపేసి, ఎదురుగానే ఉన్న తండ్రి కోసం గాలిలో చేతులాడించి వెతికింది.