యాభై తొమ్మిది దగ్గర ఆగిన టోపీ

రెడ్డియార్‌పాళయంలో దర్జీ పద్మనాభన్‌కు తెలియని పోలీసు తల లేదు. ముప్పై ఏళ్లుగా అక్కడి కానిస్టేబుళ్లు పెట్టుకునే ఎర్ర టోపీలు కుడుతున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొలతల నోటుబుక్కులో రాసేది తమిళం. మనిషిని పేరుతో పిలవడు, తల చుట్టుకొలతతో పిలుస్తాడు. "యాభై ఆరున్నర పోతా ఉండాడు చూడు" అంటాడు. వీధిలో వాళ్లకది నవ్వులాట.

పక్కింటి పూంగావనం కొడుకు వెట్రివేల్‌కు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి టోపీ ఆయనే కుట్టాడు. తల యాభై ఏడు సెంటీమీటర్లు. ఏడాది తిరక్కుండానే వాడు టోపీ పట్టుకొచ్చాడు.

"మామా, బిగిస్తా ఉండాది. నుదుట్న గీత పడతా ఉంది."

పద్మనాభన్‌కు తల కొట్టేసినట్టయింది. కత్తిరించే ముందు గుడ్డను నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి. లేకపోతే మొదటి వానకే ముడుచుకుంటుంది. ఆ పని ఎగ్గొట్టానేమో అనుకుని తన్ను తాను తిట్టుకున్నాడే గానీ టేపు తీయలేదు. పాత కొలతకు ఒక సెంటీమీటరు కలిపి, ఈసారి గుడ్డ రెండుసార్లు తడిపి కొత్తది కుట్టిచ్చాడు.

ఎనిమిది నెలలకు అదీ బిగిసింది. ఇప్పుడు తప్పు గుడ్డ మీదికి నెట్టడానికి లేదు. టేపు పెట్టి చూస్తే యాభై తొమ్మిది. టేపు మీద అనుమానమొచ్చి కొత్తది కొనుక్కొచ్చాడు. అదీ యాభై తొమ్మిదే అంది. ఉద్యోగాల్లో చేరాక పొట్టలు పెరగడం చూశాడు, మెడలు లావెక్కడం చూశాడు. ఇరవై నాలుగేళ్ల వాడి తల పెరగడం మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

"బూట్లు ఏ నంబరురా?"

"ఎనిమిదుండె. ఇప్పుడు పది మామా."

"నీ ఉంగరం ఏది?"

"సబ్బు పెట్టినా రాలే. కోయించేసినాం."

"తలనొప్పి ఉందా?"

"దినమూ ఉంది. ఎండలో డ్యూటీ కదా!"

కొడుకు వెంట వచ్చిన పూంగావనం నవ్వేసింది. "దిష్టి పెట్టొద్దు, అన్నా. ఉద్యోగమొచ్చినాక బిడ్డకి ఒళ్లు పట్టింది."

"ఒళ్లు పడితే చొక్కా బిగుస్తాదమ్మా. టోపీ యాడన్నా బిగుస్తాదా? నాకు భయంగా ఉంది."

మర్నాడే నోటుబుక్కు చంకలో పెట్టుకుని వాణ్ణి కదిర్కామం పెద్దాసుపత్రికి లాక్కెళ్లాడు. డాక్టరు జయంతి ఆ పేజీలు తిప్పి తిప్పి చూసింది. ఒళ్లు ఎప్పటినుంచి మారిందని అడిగితే ఎవరూ చెప్పలేరని, రోజూ చూసే ముఖం మారినట్టు ఇంట్లోవాళ్లకే తెలియదని, ఈయనేమో తేదీలతో సహా రాసిపెట్టాడని ఆశ్చర్యపోయింది. ఎదిగే వయసు దాటాక బూటు, ఉంగరం, టోపీ బిగుస్తుంటే, కారణం తెలియని మార్పు ఏదైనా తగ్గకుండా నిలిచిపోతే, సర్దుకుంటుందిలే అని కూర్చోకుండా రావాలంది. స్కానులో బయటపడింది. మెదడు కింద శనగగింజంత గడ్డ. ఒళ్లు పెంచే రసాన్ని అదుపు లేకుండా వదిలేది అదే. గడ్డను అలాగే ఉంచితే రేపు చూపుకూ గుండెకూ ముప్పు.

ఆ గడ్డను ముక్కులోంచి తీశారు. "ముక్కులోంచా?" అని పద్మనాభన్ మూడుసార్లు అడిగాడు. ముప్పై ఏళ్లు సూది పట్టినవాడు, ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాడు. శనగగింజంతది ఆరడుగుల మనిషిని లోపల్నుంచి మళ్లీ కొలిచి కుడుతోందా అని రోజుల తరబడి విస్తుపోయాడు.

పెరిగిన ఎముక వెనక్కి తగ్గదని, ఇక పెరగకుండా ఉంటే చాలని డాక్టరు చెప్పింది. అది చూసుకోడానికి ఆసుపత్రిలో రక్తపరీక్షలున్నాయి. అయినా పూంగావనానికి టేపు మీదే గురి. మూడు నెలలకోసారి కొడుకును తెచ్చి కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చోబెడుతుంది. ఏడాది నిండిన రోజున పద్మనాభన్ టేపు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"ఎంతన్నా?"

"అంతేనమ్మా. యాభై తొమ్మిది."

దిష్టి అన్న ఆ మనిషే ఆయన చేతిలోంచి టేపు తీసుకుని కళ్లకద్దుకుంది.