మంగుకు నేనిచ్చిన క్రీము

2021 నాటికి బయ్యారంలో నా మందుల దుకాణానికి పన్నెండేళ్లు. మిరప తోటల్లో కాయ ఏరే రోజులవి. కూలీలు చేతుల మంటకో, ఒళ్లు నొప్పులకో మందు అడుగుతారు. దగ్గరి తండా నుంచి వచ్చిన కమ్లి మాత్రం ముఖం చూపించింది. రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు. మంగు.

"ఎండకు ముఖమంత గిట్లయింది అన్నా. జర మంచి క్రీము ఇయ్యరాదు?"

ట్రిపుల్ కాంబినేషన్ క్రీము ఇచ్చాను. రంగు తగ్గించే మందు, చర్మం పైపొరను రాల్చే మందు, స్టెరాయిడ్, మూడూ అందులో ఉంటాయి. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి. కొన్ని వారాలే, అదీ రాత్రిపూటే రాయాలి. పగలు ముఖానికి ఎండ తగలకూడదు. ఇదంతా నాకు తెలుసు. ఆరోజు గిరాకీ ఎక్కువ. "రోజూ రాయి" అన్నాను, అంతే.

నెల తిరక్కుండానే నవ్వుకుంటూ వచ్చింది. ముఖం తేటపడింది. "మా తండల ఆడోళ్లంత అడుగుతున్నరు, ఇంకో నాలుగియ్యి." ఇచ్చాను. ఆ తర్వాత ఆమె మెట్టెక్కితే చాలు, అడగకముందే ట్యూబు తీసి పెట్టేవాణ్ణి.

మరుసటి ఏడు మిరప ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం కమ్లి ముఖం నిండా కొంగు కప్పుకుని వచ్చింది. కొంగు తీసింది. చెంపలు ఎర్రగా కమిలిపోయి, సన్నని రక్తనాళాలు పైకి తేలి ఉన్నాయి.

"ఎండల నిలవడలేకపోతున్న. పొయ్యి కాడ కూసున్నా మంటనే. కూలికి పోక మూడు రోజులాయె. ఏమైందన్నా నాకు?"

దుకాణం మూసి, ఆమెను మహబూబాబాద్‌లో చర్మ వ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. క్రీముతో చర్మం పలచబడిందనీ, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలకు తట్టుకోలేకపోతోందనీ ఆమె చెప్పింది. "ఎవరు రాసిచ్చారమ్మా?" అని అడిగింది.

కమ్లి నా పేరు చెప్పలేదు.

"నేనే ఇచ్చాను మేడం" అన్నాను.

తిరుగు బస్సులో కమ్లి అడిగింది.

"తెలిసే ఇచ్చినవా అన్నా?"

"తెలుసు. నీకు చెప్పలేదు."

"మరి మా ఆడోళ్లకు ఎవలు చెప్తరు? నేను చెప్తె నమ్మరు. నువ్వే రావాలె."

మర్నాడు పొద్దున్నే, వాళ్లు పనికి వెళ్లకముందే తండాకు వెళ్లాను. తప్పు నాదని చెప్పి, డాక్టరమ్మకు చూపించుకోమన్నాను. ఒక ముసలవ్వ నన్ను నిలదీసింది. "తెలిసి తెలిసి ఎట్లిచ్చినవ్ నాయినా?"

కమ్లికి ఎరుపు తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. డాక్టరమ్మ చెప్పిన సన్‌స్క్రీన్ రాసుకుని, వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుని మళ్లీ తోటకు వెళ్లింది. మచ్చలు తిరిగొచ్చాయి.

"ఉంటే ఉండనీ అన్నా. ఎండల పని చేసుకుంటున్న, గదే చాలు" అంది.

చీటీ లేకుండా ఆ క్రీము ఇవ్వడం ఆనాడే మానేశాను. చీటీ తెచ్చినవాళ్లను కూడా రోజంతా ఎక్కడ పని చేస్తారో అడుగుతాను. ఎండలో అంటే, వెనక మనుషులు నిలబడి ఉన్నా సరే, రాసుకునే పద్ధతి మొత్తం చెప్పాకే ట్యూబు చేతికిస్తాను.