జీడిపప్పు పొట్లానికి వేలంపాట

నల్లపాడు స్టేషను అవతల, గోడౌన్లు దాటాక వచ్చే వీధిలో క్రిస్టీనా వాళ్ళ ఇల్లు. రెండు గదులు, చిన్న వంటిల్లు, పైన శ్లాబు. ముందు గోడకు లేత పసుపు రంగు. ఆ గోడంటే క్రిస్టీనాకు ప్రాణం. పిల్లలు దానికి బంతి కొట్టినా ఊరుకోదు.

కారణం అదే వీధిలో ఉంది. కొంచెం అవతల ఇంకో ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలుంటాయి. ఈ ఇల్లు ఫలానా ఫైనాన్సు వారికి తాకట్టులో ఉన్నది, ఎవరూ కొనరాదు, అద్దెకు దిగరాదు అని. వాళ్ళు కిస్తీలు తప్పితే కంపెనీ మనుషులు వచ్చి పట్టపగలు రాసిపోయారు. ఆ ఇంటావిడ అక్షరాల మీదుగా తీగ కట్టి చీరలు ఆరేస్తుంది. ఆరిపోయినా తీయదు. క్రిస్టీనా ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పి చూడదు, ఆవిడ చిన్నబోతుందని.

క్రిస్టీనా ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త మార్క్‌కు ట్రాలీ ఆటో ఉంది. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు తోలుతాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. కూతురు శాంతి ఎనిమిదో తరగతి. మార్క్ తల్లి ఎలీసమ్మ వాళ్ళతోనే ఉంటుంది. ఇంటి అప్పు పన్నెండేళ్ళది, సగం దాటింది. ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. అది ఎట్లా సాధ్యమైందని అడిగితే మార్క్ నవ్వి, "మా ఇంట్లో కిస్తీ కడితేనే మాల్పూరీ" అంటాడు.

నిజంగానే అది వాళ్ళింటి పద్ధతి. నెల మొదట్లో బ్యాంకులో డబ్బులు వేస్తారు, ఒకటి రెండు రోజుల్లో కిస్తీ జమైందని ఫోనుకు మెసేజి వస్తుంది. ఆ సాయంత్రం మార్క్ బజారు నుంచి వేడి వేడి మాల్పూరీలు తెస్తాడు. మెసేజి రానిదే పొట్లం ముడి విప్పడానికి లేదు. ఒకసారి అతను ఆత్రపడి ముందే తెస్తే, మెసేజి మర్నాటికి గానీ రాలేదు. మర్నాడే తిన్నారు, గట్టిపడ్డాక. మిగతా నెలంతా చికెనైనా, ఐస్‌క్రీమైనా, శాంతి అడిగే జడ క్లిప్పులైనా క్రిస్టీనా నోటి నుంచి ఒకే మాట: "కిస్తీ పోనీ, చూద్దాం." చిన్నప్పుడు శాంతి కిస్తీ అంటే క్రిస్మస్ లాంటి పండగేదో అనుకునేదట.

అందరికీ ఇంత గట్టిగా చెప్పే క్రిస్టీనా అత్తగారి దగ్గర మాత్రం మెత్తబడిపోతుంది. స్థలానికి అడ్వాన్సు కట్టే రోజున ఎలీసమ్మ తన చెవి కమ్మలు తీసి కోడలి చేతిలో పెట్టింది. "నాకెందుకే అమ్మాయ్, చెవులు సాగిపోతున్నాయి" అంది. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ కమ్మల బదులు అత్తయ్యకు ఏదైనా కొనాలని క్రిస్టీనా ఏటా అనుకుంటుంది. ఏటా కిస్తీలు అడ్డం వస్తాయి.

ఎలీసమ్మది చీరాల వైపు. పెళ్ళి కాక ముందు వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనిచేసింది. పిక్కలు కొడితే కారే జీడినూనెకు వేళ్ళు నల్లబడి తోలు లేచిపోయేవట. విరగని పప్పును గుండు అంటారు. గుండ్లు లెక్కగా మేస్త్రికి అప్పచెప్పాలి. ముక్కలు చాటున నోట్లో వేసుకున్నా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఆ మధ్య టీవీలో ఎవరో హల్వా మీద జీడిపప్పు అలంకరిస్తుంటే చూసి, "గుండు ఎట్లా ఉంటదో నా చేతికి తెలుసు గానీ నా నోటికి తెలీదే" అంది ఎలీసమ్మ. ఊరికే అన్న మాట. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న క్రిస్టీనా విన్నది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మార్కూ విన్నాడు. విన్నట్టు ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

మిరప కోతల కాలంలో వాళ్ళ చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు, ఎవరు చేసింది వాళ్ళు దేవుడి దగ్గరికి తెస్తారు. గుమ్మడికాయ, నాటు కోడి, బుట్టెడు ఎండు మిరపకాయలు, కేకు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక షామియానా కింద వాటిని వేలం వేస్తారు. వచ్చిన సొమ్ము చర్చికి. అక్కడ వస్తువు ధరకు, పాట ధరకు సంబంధం ఉండదు. ఒక నిమ్మకాయ వెయ్యి రూపాయలు పలికిన ఏడు ఉంది. పాడినవాళ్ళు డబ్బు అప్పటికప్పుడు ఇవ్వనక్కర్లేదు, ఈస్టరు లోపల ఇస్తే చాలు. కానీ మైకులో పేరు చదివాక వెనక్కి పోవడమనేది ఉండదు.

ఈ ఏడు వేటపాలెం నుంచి వచ్చి నల్లపాడులో స్థిరపడిన ఒక కుటుంబం కిలో గుండు జీడిపప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. పొట్లం చూడగానే క్రిస్టీనా మనసు అత్తగారి మీదికి పోయింది. మార్క్ మనసూ అక్కడికే పోయింది. కానీ అతను ఆ రోజు అందరికీ పెట్టే ప్రేమ విందుకు బిర్యానీ వండే వాళ్ళలో ఉన్నాడు. గరిటె వదిలి రాలేడు. అందుకని బాలును పిలిచాడు. బాలు యార్డులో అతని పక్కనే ఆటో పెట్టుకునే కుర్రాడు, చర్చి మనిషి కాదు. బిర్యానీ కోసమని వచ్చాడు.

"ఒరేయ్ బాలూ, జీడిపప్పు పొట్లం వస్తది. నా కోసం నువ్వు పాడు. వదలమాక."

"ఎంతదాకా అన్నా?"

అప్పుడే దమ్ము మీది మూత జారింది. మార్క్ అటు పరిగెత్తుతూ, "వదలమాకన్నానుగా!" అని అరిచాడు. ఎంతదాకా అన్నది చెప్పలేదు.

వేలం వేసేది సంజీవరావు మాస్టారు. రిటైరైన టీచరు, సంఘ పెద్ద. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మొదట నలుగురైదుగురు పాడారు. పదిహేను వందలు దాటేసరికి అందరూ తప్పుకున్నారు. ఇటు క్రిస్టీనా, అటు బాలు మిగిలారు.

క్రిస్టీనా పదిహేను వందల దగ్గరే ఆగుదామనుకుందట. కానీ అవతల చెయ్యెత్తేది బాలు. వాడికి ఈ మధ్యే పెళ్ళయింది. కొత్త పెళ్ళాం ముందు గొప్పకు పోతున్నాడనుకుంది. నాలుగు రోజుల కిందట డీజిలుకు మార్క్ దగ్గర చేబదులు తీసుకున్నవాడు, ఇక్కడికొచ్చి వేలు పాడతాడా అని ఒళ్ళు మండింది. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న ఎలీసమ్మ బోసి చెవులు కనబడుతున్నాయి. రెండు వేలు అంది.

బాలుకు ఇంకో లెక్క. వదిన ఆడవాళ్ళ తరఫున చర్చికి డబ్బు పెంచడానికి పాడుతోందనుకున్నాడు. యార్డులో అన్న పరువు తనదే అనుకునే మనిషి. రెండున్నర అన్నాడు.

"ఏం బాలూ, మా క్రిస్టీనమ్మను గెలవనియ్యవా?" అన్నారు మాస్టారు మైకులో. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతో ఇద్దరికీ పంతం పెరిగింది. మూడు. మూడున్నర. నాలుగు. నాలుగున్నర దగ్గర క్రిస్టీనా చెయ్యి దానంతటదే లేచింది. బాలు నాలుగు వేల ఎనిమిది వందలన్నాడు. పక్కనున్నావిడ కొంగు పట్టుకుని లాగితే అప్పుడు కూలబడింది క్రిస్టీనా.

"పాట బాలుది! పేరు నీదే రాసుకోమంటావా?"

"నాది కాదండీ మాస్టారూ. మార్కన్నది. మార్క్, క్రిస్టీనా అని రాసుకోండి."

షామియానా కింద లేచిన నవ్వు గాడిపొయ్యి దాకా వినబడింది. ఏం జరిగిందోనని మార్క్ గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. భార్య ముఖం చూసి, బాలు ముఖం చూసి, మళ్ళీ గాడిపొయ్యి దగ్గరికే వెళ్ళిపోయాడు.

ఈ ముక్క మార్క్ చెప్పేటప్పుడు నవ్వుతాడు, బాలు చెప్పేటప్పుడు చెవులు పట్టుకుంటాడు. క్రిస్టీనా మాత్రం ఇప్పటికీ నవ్వదు. ఆ నాలుగు వేల ఎనిమిది వందలు ఎక్కడి నుంచి తియ్యాలో ఆమెకు ఆ క్షణానే తెలిసిపోయింది. మే నెలలో ఎండలకు యార్డు మూసేస్తారు, స్కూలుకూ సెలవులే. భార్యాభర్తల సంపాదన రెండూ ఒకేసారి ఆగుతాయి. అందుకని జూన్ కిస్తీని సీజనులోనే కొంచెం కొంచెం దాచి పెడుతుంది. తొమ్మిది వేల పైన కట్టాల్సిన దానికి అప్పటికి సగం పైన పోగైంది. చర్చికి ఇస్తే అది మొత్తం పోతుంది. ఇంటికి నడిచి వస్తుంటే ఆ చీరల గోడ ఎదురైంది. ఆ రోజు తల తిప్పి చూసింది.

ఇంటికొచ్చాక గొడవ పెద్దదే అయింది.

"నువ్వెందుకు పాడించావయ్యా?"

"నువ్వెందుకు పాడావే? అమ్మ నాకు అమ్మ. కిస్తీ కిస్తీ అని మా నోళ్ళు కట్టేసిందానివి, నువ్వు పాడతావని నాకేం తెలుసు?"

"ఒక్క మాట చెప్పుంటే ఏం పోయింది?"

"చెబితే వద్దంటావుగా!"

చెబితే క్రిస్టీనా నిజంగానే వద్దనేది.

ఎలీసమ్మ మంచం మీద కూర్చుని అంతా విన్నది. పొట్లం చించి, ఒక గుండు తీసి బుగ్గన పెట్టుకుంది. కొరకడానికి ఆమెకు పళ్ళు ఎక్కడివి! అది నాని మెత్తబడే దాకా కిళ్ళీ లాగా బుగ్గనే ఉంచుకుంది. శాంతి ఎదురుగా చతికిలబడి, "ఎట్లా ఉంది నాయనమ్మా?" అని అడిగింది.

"ఏముందే. ముక్క లాగే ఉంది."

అప్పుడు ముందుగా నవ్వింది మార్క్. తరువాత శాంతి. క్రిస్టీనా వంటింట్లోకి వెళ్ళి, అక్కడ కాసేపు ఏడ్చి, మళ్ళీ వచ్చి అన్నం పెట్టింది.

మరుసటి ఆదివారం సంజీవరావు మాస్టారే ఆమెను ఆపారు.

"అమ్మాయ్, పదిహేను వందల తరువాత మీ ఇంటి మీద మీ ఇల్లే పాడింది. కమిటీలో మాట్లాడి తగ్గిస్తాను. ఎవరూ ఏమనుకోరు."

క్రిస్టీనా వారమంతా ఇదే ఆలోచించి ఉంది.

"తగ్గించొద్దు మాస్టారూ. పదిమందిలో చెయ్యెత్తి చెప్పిన మాట. కానీ డబ్బు రూపంలో ఇస్తే నా జూన్ కిస్తీ తప్పుద్ది. చర్చికి ప్రహరీ కట్టిస్తున్నారంటగా మేలో? ఇసుక తోలడానికి ట్రాలీ కావాలిగా? ఆ నెల మా ఆయన బండి ఖాళీ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈస్టరు గడువు మే నెలకు జరపమంటావు. సరే. లోడుకు అయిదు వందల లెక్కన వేసుకుందాం."

"ఆరు వందలు. డీజిలు మీదే."

"దేవుడి పని మీద బేరమాడతావా క్రిస్టీనా?"

"దేవుడితో ఆడట్లేదండీ. మీతో."

ఎనిమిది లోడ్లకు ఖాయమైంది.

మే ఎండలో మార్క్ ఇసుక తోలాడు. బాలు కూలి అడగకుండా పార పట్టుకుని వెంట తిరిగాడు. తన తప్పుకు అదే జరిమానా అనుకున్నాడు. ఇంటి ఖర్చులకు క్రిస్టీనా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. చేతులు మంటలెత్తితే రాత్రిళ్ళు ఎలీసమ్మ మజ్జిగ రాసేది. "జీడినూనె కన్నా ఇది నయమే" అనేది. జీడిపప్పు డబ్బా అటక మీద పెట్టలేదు, తాళం వేయలేదు. అందుబాటులోనే ఉంచారు. ఎలీసమ్మ రోజూ ఒకటి బుగ్గన పెట్టుకునేది. శాంతి పోతూ వస్తూ గుప్పెడు తీసేది. కోడలి చూపు డబ్బా మీద పడ్డప్పుడల్లా ఎలీసమ్మ, "కొన్నది తినడానికే గదే" అనేది.

జూన్ మొదట్లో దాచిన డబ్బుకు తొడిమల కూలి కూడా కలిపి బ్యాంకులో వేసొచ్చింది క్రిస్టీనా. తిరిగొస్తూ పసుపు గోడ మీద చెయ్యి వేసి, ఎండకు పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూసుకుంది. ఆ సాయంత్రం తనే మార్క్‌కు ఫోన్ చేసింది.

"వచ్చేటప్పుడు మాల్పూరీలు పట్టుకురా."

"మెసేజి వచ్చిందా?"

"నువ్వు పట్టుకురావయ్యా ముందు."

మార్క్ ఒకటి ఎక్కువే తెచ్చాడు, వెంట బాలు కూడా వస్తున్నాడని. క్రిస్టీనా రోట్లో కాసిని జీడిపప్పులు మెత్తగా దంచి అత్తగారి మాల్పూరీ మీద చల్లడానికి పెట్టుకుంది. పొట్లం ముడి విప్పుతుంటే శాంతి ఫోను వైపు చూసి అరిచింది.

"అమ్మా! మెసేజి ఇంకా రాలేదు!"

"వస్తదిలే," అంది క్రిస్టీనా. "అది వచ్చేదాకా ఇవి చల్లారిపోవూ?"