కిరీటం కింద మా ఇంటాయన

మా ఇంటాయన వెండితెర మీద నలుగురు రాజులుగా, ఇద్దరు దేవుళ్లుగా వెలిగాడు. ఎల్లారెడ్డిలో మాత్రం ఆయనను అందరూ మా అత్త కొడుకుగానే ఎరుగుదురు. ఆ సినిమాలు ఇప్పుడు ఎక్కడా దొరకవట. రీళ్లు కాలిపోయాయో, కరిగించి చేతిగాజులు చేసేశారో. వాటిని చూసినవాళ్లలో నేను ఇంకా మిగిలి ఉన్నాను గనుక ఆ వైభవం ఎలాంటిదో చెప్పే భారం నా మీద పడింది.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన బావి దగ్గర మోట తోలుతూ పాడేవాడు. గొంతు పెద్దది. మూడు పొలాల అవతల కలుపు తీసేవాళ్లకు కూడా వినపడేది. మెచ్చుకున్నది మాత్రం ఎడ్లే. ఆయన ఆపితే అవీ ఆగేవి. అందుకని మా అత్త కూడా పాడమనే చెప్పేది.

ఆ ఏడు కామారెడ్డిలో ఒక నాటకాల కంపెనీ దిగింది. ఈయన చూడబోయి, కింద కూర్చుని, పైన రాజు వేషగాడు పాడుతుంటే వాడికంటే గట్టిగా పాడాడట. జనం వేదికకు వీపు తిప్పి ఈయనను చూడటం మొదలుపెట్టారు. మర్నాడు కంపెనీ యజమాని పిలిపించుకున్నాడు. ఇంట్లో మాకు చెప్పింది వేరు. దోమకొండకు పోయి ఎడ్ల జత తెస్తానని తలపాగా చుట్టుకుని బయల్దేరాడు. నెల గడిచింది. మా అత్త ప్రతి పొద్దూ గుమ్మంలో నిలబడి అదే మాట అనేది.

"ఎడ్లను తెస్త అని పోయిండు. ఎడ్లు రాలె, వీడూ రాలె."

తరువాత బెజవాడ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ తరువాతది మద్రాసు నుంచి. బడిపంతులు వచ్చి చదివిపెట్టాడు. "ప్రియమైన ధర్మపత్నికి" అని మొదలైంది.

"గీ ధర్మపత్ని ఎవతె?" అని మా అత్త మండిపడింది.

"నేనే, అత్తా."

"నువ్వా? నువ్వైతే పేరు రాయొచ్చు గద."

ఆ రోజుల్లో టాకీలో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. మద్రాసువాళ్లకు గొంతున్నవాడు కావలసి వచ్చింది. మా ఆయనది అమ్మవారు పోసి మచ్చలు పడ్డ ముఖం. దాన్ని రంగు కప్పేసింది. ఎత్తు నాకంటే రెండు వేళ్లు తక్కువ. దాన్ని కిరీటం సరిచేసింది. అలా ఆయన కథానాయకుడయ్యాడు. ఏడాదికొకసారి ఎండాకాలంలో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మాటలో కొత్త దీర్ఘాలు ఉండేవి. కారం ఎక్కువైందనేవాడు. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తారు. ఒకసారి "అమ్మా, కుశలమేనా?" అన్నాడు. మా అత్త వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మ ఎవరు బిడ్డా? నేను నీకు అవ్వను."

ఆయన మద్రాసు వెళ్లిన మూడో ఏట నాకు ఆడపిల్ల పుట్టింది. ఏడు నెలలు బతికింది. జ్వరం వచ్చిన నాలుగో రోజు పోయింది. మా బావగారు కామారెడ్డి స్టేషనుకు పోయి తంతి కొట్టించాడు. మనిషి రాలేదు. పది రోజులకు ఉత్తరం వచ్చింది. షూటింగ్ నడుమ కదలడానికి వీల్లేదట. చివర ఇలా ఉంది: "విధి చేతిలో మనమెంత? వచ్చినది వెళ్లక తప్పదు. ధైర్యము వహింపుము." బడిపంతులు ఆ ముక్క రెండుసార్లు చదివి, ఎంత చక్కగా రాశాడో అన్నాడు. నేను ఆ ఉత్తరాన్ని దేవుడి అరలో పెట్టుకున్నాను. కష్టంలో మొగుడు నాకోసం రాసిన మాటలు కదా.

మరుసటి ఏడు, అప్పుడు తీస్తున్న ఆ సినిమా కామారెడ్డి డేరాకు వచ్చింది. నేనూ మా అత్తా పొద్దున్నే బస్సెక్కి పోయాం. పొద్దు గూకగానే మొదటి ఆట. ఒక పక్క ఆడవాళ్లం, ఒక పక్క మగవాళ్లు, అందరం ఇసుకలోనే. మా అత్త కొబ్బరికాయ తెచ్చింది. తెర మీద కొడుకు కనబడగానే లేచి రాయి వెతికింది. డేరావాడు వచ్చి బతిమాలితే కాయను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కథలో మా ఆయన రాజు. రాజ్యం పోతుంది, భార్య దూరమవుతుంది, చివరికి పసివాడు పోతాడు. ఆ పసివాణ్ణి ఒళ్లో వేసుకుని పాట అందుకున్నాడు. ఒక రీలంతా అదే పాట. డేరాలో ఆడవాళ్లంతా కొంగులు ముఖాన పెట్టుకున్నారు. మా అత్త గుండెలు బాదుకుంది. నేను మాత్రం ఆ పసివాడి కాళ్లనే చూస్తున్నాను. పాట పైకి పోయేసరికి చచ్చిపోయిన పిల్లవాడు ఉలిక్కిపడి కాలు విదిలించాడు. నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపినా ఆగలేదు.

పక్కనున్నామె నన్ను పొడిచింది. "ఏందమ్మా, గంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నవ్వుతున్నవ్?"

"గాయన మా ఇంటాయన" అన్నాను.

"గట్లైతే గా రాణి ఎవరు?"

"గామె సినిమల. నేను ఇంట్ల."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, పాపం, నాకు మతి చలించిందనుకుని కొంచెం దూరం జరిగింది. అంతలో పాట ఆగింది. రాజు ఆకాశం వైపు చూసి, చెయ్యెత్తి, గంభీరంగా అన్నాడు: "విధి చేతిలో మనమెంత? వచ్చినది వెళ్లక తప్పదు. ధైర్యము వహింపుము."

నా నవ్వు ఆగిపోయింది. ఇంటికి రాగానే ఆ ఉత్తరం తీసి పొయ్యిలో పెట్టాను. నీళ్లు కాగాయి.

ఆ సినిమా బాగా ఆడింది. ఆయనను సన్మానించాలని కామారెడ్డి పెద్దలకు బుద్ధి పుట్టింది. రైలు దిగే రోజున డప్పులతో, దండలతో సగం ఊరు స్టేషనులో ఉంది. తెర మీద ఆరడుగుల రాజును చూసినవాళ్లు ఆరడుగుల మనిషి కోసమే వెతికారు. మొదటి పెట్టెలోంచి ఎత్తైన మనిషి ఒకాయన దిగాడు. పత్తి కొనడానికి వచ్చిన మరాఠీ సేటు. మూడు దండలు ఆయన మెడలో పడ్డాయి. డప్పులు మోగాయి. ఆయన "కాయ్ ఝాలా? కాయ్ ఝాలా?" అని తన భాషలో ఏమైందని అడుగుతూ బెదిరిపోయి మళ్లీ రైలెక్కాడు. వెనక పెట్టెలో నుంచి పట్టు జుబ్బాతో, ముఖానికి పౌడరుతో మా ఆయన దిగి, తన పెట్టె తానే మోసుకుంటూ జనాన్ని తోసుకుని వచ్చాడు. "సోదర సోదరీమణులారా!" అని అరిస్తే గాని ఎవరూ గుర్తుపట్టలేదు. గొంతు గుర్తుపట్టారు. చప్పట్లు కూడా ఆ గొంతుకే కొట్టారు.

దాని తరువాత ఆయన దశ ఎక్కువ కాలం నిలవలేదు. యుద్ధం వచ్చింది, ఫిల్ము దొరక్క సినిమాలు తగ్గాయి. పైగా ఒకరు పాడితే మరొకరు పెదవులు ఆడించే పద్ధతి మొదలైంది. గొంతు వేరేచోట దొరుకుతుంటే గొంతు కోసం ఈ ముఖాన్ని భరించడం ఎందుకని మద్రాసువాళ్లు అనుకుని ఉంటారు. చివరగా ఒక సాంఘిక సినిమాలో పాంటూ చొక్కా వేయించారు. కిరీటం లేదు. మేం చూశాం. మా అత్త మొదటి సగమంతా కొడుకు ఎప్పుడొస్తాడని అడుగుతూనే ఉంది. తెర మీద ఉన్నవాణ్ణి చూసి పార్సిలు గుమాస్తా అనుకుందట.

ఆ తరువాత ఆయన బొగ్గుతో నడిచే బస్సులో, ఒక రేకుపెట్టెతో ఇల్లు చేరాడు. పెట్టెనిండా తన ఫోటోలే. పదిహేను రోజులు పౌడరు రాసుకుని అరుగు మీద కూర్చున్నాడు. మొదట ఊరంతా వచ్చింది. తరువాత నలుగురు వచ్చారు. తరువాత మంగలి ఒక్కడే వచ్చేవాడు, అదీ గడ్డం గీయడానికి. పదహారో రోజు నుంచి ఆయన మాటల్లో దీర్ఘాలు రాలిపోయాయి.

ఒక మధ్యాహ్నం పల్లికాయలు ఒలుస్తూ అడిగాను.

"ఏడ్వనీకి కండ్లల్ల మందు ఏస్తరట గద?"

"ఏస్తరు. గా పిల్లగాని పాటకు ఏసుకోలె."

"ఎందుకు?"

"గా పొద్దుగాలనే నీ తంతి వచ్చింది. జేబుల పెట్టుకొని పోయిన. పాడుతుంటె కండ్లకెళ్లి నీళ్లు ఆగలె. మొఖం మీది రంగంత కారింది. డైరెక్టరు తిట్టిండు. రాజు గింత ఏడుస్తడా అన్నడు. మల్ల రంగు పూసి రెండోసారి పాడిపిచ్చిండ్రు. సినిమల ఉన్నది గా రెండోది."

"మరి రాకపోతివి?"

"పోతె ఇంకొకన్ని పెట్టుకుంటమన్నరు."

"ఉత్తరంల గా మాటలు?"

"నాకు వేరే మాటలు రాలె" అన్నాడు, పల్లికాయల వైపు చూస్తూ.

ఆయన చెప్పింది నిజమేనా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి నిజమేనని తేల్చుకున్నాను. అంత బాగా నటించగలిగినవాడైతే మద్రాసువాళ్లు వెనక్కి పంపేవారే కాదు. నిజమని తేలినంత మాత్రాన క్షమించానని కాదు. ఆ రోజు పల్లీలు మాత్రం ఆయనతో సగం ఒలిపించాను.

ఆ చలికాలంలో డేరావాడు మా ఇంటికి వచ్చాడు. పల్లెల్లో బండి మీద తిరిగి సినిమా సంగతి చాటడానికి మనిషి కావాలన్నాడు. మా ఆయన రోషపడతాడనుకున్నాను. మాట దూరం వినపడేలా చేసే రేకు బూర చేతికివ్వబోతే మాత్రం రోషపడ్డాడు, తన గొంతుకు అది అవమానమని. మహమ్మద్‌నగర్, బీర్కూర్ దాకా బండి తిరిగేది. చాటేది వేరేవాళ్ల సినిమాలు. చాటుతూ, ఇందులో రాజు నిలబడటం రాని మనిషి, పాట వాడిది కాదు, రాణి పర్వాలేదు, అని కూడా చెప్పేవాడు. అంత తిట్టు తిన్న సినిమా ఎలా ఉందో చూద్దామని జనం ఇంకా ఎక్కువగా పోయేవారు. డేరావాడు సంతోషించాడు.

ఒక రోజు బండి మా ఇంటి ముందు ఆగింది. ఆయన బండి మీద నిలబడి చెయ్యెత్తి, "తల్లులారా! తండ్రులారా!" అని అందుకున్నాడు.

మా అత్త గడపలోకి వచ్చింది. "ఒర్లింది సాలు గాని, బువ్వ సల్లారుతది. తిని పో."

ఆయన చెయ్యి దించి, బండి దిగి, కాళ్లు కడుక్కున్నాడు. బండివాడు ఎడ్లకు గడ్డి వేశాడు.