కడిగినా పాడవని ముక్కలు

ప్లాస్టిక్ పేకముక్కలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఆమె సంచీలోంచి కొత్త కట్ట తీసి, ఒక ముక్క నా చేతికిచ్చింది.

"అన్నా, నీళ్లల్ల కడిగితే పాడైతయా?"

ముక్కను వంచి వదిలాను. గీత కూడా పడకుండా మళ్లీ చదునైంది. మంచి రకమే, కడగొచ్చన్నాను.

సారపాకలో వాళ్లింట్లో ఆదివారాలు రమ్మీ నడిచేదట. భర్తకు టీబీ వచ్చాక, ఆయన పట్టిన ముక్కలు పట్టుకోవడానికి జంకి స్నేహితులు రావడం మానేశారట.

"తగ్గిందని దవాఖానాల చెప్పిండ్రు. అయినా ఎవ్వలు వస్తలేరు. అట్ట ముక్కలు కడిగితే ఉబ్బిపోయినయ్. ఇవి వాళ్ల ముందట్నే కడుగుత."

"అప్పుడు వస్తారా అమ్మా?"

ఆమె కట్ట అంచులు సరిచేసింది.

"రాకుంటే, ఈ కట్ట ఆయన ముట్టడని చెప్త. మా అరుగు మీద కూసోని వాళ్లే ఆడుకోమంట. కిటికీల నుంచి చూస్తె చాలన్నడు ఆయన."

బస్సు వచ్చింది. నా చేతిలోని ముక్క తీసుకుని, కొంగుతో తుడిచి కట్టలో పెట్టుకుంది.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా ముక్కలు పంచుతుంటే, నా చూపు ముందు కిటికీ వైపే పోతుంది.