గాలి పెట్టాక నడిచిన అమ్మ

మా అమ్మ భారీ మనిషి. పంతొమ్మిదివందల ఎనభైల్లో ఓ వానాకాలం సత్తుపల్లిలో మా ఇంటి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. భద్రాచలం అడవి పల్లెలో ఎముకలకు పసరు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చక్కగానే కట్టాడు. చెడగొట్టింది మా ప్రేమే. ఎముక విరిగిన మనిషి మంచం దిగకూడదని, ఎముకకు ఎముకే మందని, పొద్దున మేకకాళ్ల పులుసు, రాత్రి నెయ్యన్నం పెట్టి మేపాం. చూడవచ్చిన చుట్టాలు కూడా తలా ఒక గిన్నె తెచ్చేవాళ్లు.

ఎముక అతికింది. అమ్మ మాత్రం ఇంకా లావెక్కింది. లేచి నిలబడితే ఆయాసం, పెదవులు నల్లబడేవి. "ఇగ నా నడక అయిపోయింది బిడ్డా" అంది ఓ రోజు. ఆ మాట విని ఖమ్మం తీసుకెళ్లాం.

ఖమ్మం దవాఖానాలో డాక్టరు మమ్మల్ని చెడామడా తిట్టాడు. "పండబెట్టి మేపితే ఎముక గుల్లయితది. దానికి పని చెప్తేనే గట్టిపడ్తది. ఒళ్లు తగ్గాల్నన్నా నడవాల్సిందే" అన్నాడు. ఊపిరి చాలడం లేదు కాబట్టి ఆక్సిజన్ పెట్టి నడిపిస్తామన్నాడు.

ఆ రోజుల్లో ఆక్సిజన్ పెట్టారంటే ఆశ వదులుకున్నట్టే. ఎవరు మోశారో గానీ ఆ కబురు ఊరు చేరింది. మర్నాడు పొద్దున్నే మేనత్త ఏడ్చుకుంటూ దిగింది, చేతిలో తులసి తీర్థం చెంబు.

దవాఖానా వరండాలో ఆమెకు మేమే ఎదురుపడ్డాం. నర్సమ్మ చక్రాల బండి మీద సిలిండరు తోస్తోంది. ముక్కుకు మాస్కుతో అమ్మ నా భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తోంది. నల్లబడ్డ పెదవులు నా కళ్లముందే ఎరుపెక్కాయి. కంటికి కనపడని గాలి మనిషిని ఇలా లేపి నిలబెడుతుందా! అంత ఒంటిని మోస్తున్నది, మొన్నటిదాకా రెండు ముక్కలైన ఆ ఎముకేనా! నాకు ఒళ్లు జలదరించింది. దేవుడి ఊరేగింపు చూసినప్పుడు కూడా నాకలా అనిపించలేదు.

మేనత్త నోరు తెరిచి నిలబడింది. "ఏంది వదినా, నీకు గాలి పెట్టిండ్రంట గదా!"

"అవ్, పెట్టిండ్రు. గందుకే నడుస్తున్న. జర పక్కకు జరుగు" అని, అమ్మ నా భుజం మీది చెయ్యి తీసేసి ముందుకు అడుగేసింది.